ఓపెన్ సోర్స్‌లో ఓటు ఎవరిది, దాని బలమెంత? డెబియన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ టెక్ క్లబ్బుల్లోనూ, లినక్స్ కొత్తగా వేసుకున్నవాళ్ల దగ్గరా ఈ ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఒక్కో ప్రాజెక్టుది ఒక్కో పద్ధతి, కాబట్టి అన్నిటికీ కలిపి ఒకటే జవాబు చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ ముఖ్యంగా డెబియన్ సంగతే చెబుతాం. లినక్స్ కెర్నెల్ మీద పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసి ఉచితంగా ఇచ్చే ప్రాజెక్టు ఇది. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన దీనికి యజమానిగా ఏ కంపెనీ లేదు. 1998 నుంచి రాసిపెట్టుకున్న రాజ్యాంగం ఉంది. జరిగిన ఓట్ల చిట్టా అంతా ఎవరైనా చూడొచ్చు. ఉబుంటు, మన ప్రభుత్వ సంస్థ సీ-డ్యాక్ వాళ్ల బాస్ లినక్స్ రెండూ దీని మీద కట్టినవే. పోల్చి చూడడానికి అపాచీ, పైథాన్ అక్కడక్కడా వస్తాయి.

ఇలాంటి ప్రాజెక్టుల్లో ప్రతి నిర్ణయానికీ ఓటింగ్ పెడతారా?

పెట్టరు. అలా పెడితే ఒక్క రిలీజూ బయటికి రాదు. డెబియన్‌లో ఒక్కో ప్యాకేజీని, అంటే ఇన్‌స్టాల్ చేసుకోవడానికి సిద్ధం చేసిన ఒక్కో సాఫ్ట్‌వేర్‌ను, చూసుకునే మనిషి లేదా బృందం ఉంటుంది. వాళ్లను మెయింటెయినర్లు అంటారు. ఆ ప్యాకేజీకి సంబంధించి ఏ వెర్షన్ పెట్టాలి, ఏ ప్యాచ్ వేయాలి, ఏ బగ్ ముందు సరిచేయాలి అన్నవన్నీ వాళ్ల ఇష్టం. ఎవరినీ అడగక్కర్లేదు. అభ్యంతరం ఉన్నవాళ్లు బగ్ రిపోర్టు పెడతారు, మెయిలింగ్ లిస్టులో వాదిస్తారు. ఎక్కువసార్లు అక్కడే తేలిపోతుంది.

మరి ఓటు దాకా ఎప్పుడొస్తుంది?

ఇద్దరు మెయింటెయినర్ల మధ్య సాంకేతికంగా పీటముడి పడితే ముందు టెక్నికల్ కమిటీ దగ్గరికి వెళ్తుంది. అందులో గరిష్ఠంగా ఎనిమిది మంది ఉంటారు. అది కూడా చివరి మెట్టుగానే, పిలిస్తేనే కలగజేసుకుంటుంది. ప్రాజెక్టు మొత్తానికి సంబంధించిన విషయమైతే, లేదా కమిటీ నిర్ణయమే నచ్చకపోతే, సభ్యులందరి ఓటుకు వెళ్తుంది. దాన్ని సాధారణ తీర్మానం అంటారు. ఇవి కాక ఏటా నాయకుడి ఎన్నిక ఉంటుంది. కొన్నేళ్లలో ఆ ఎన్నిక తప్ప వేరే ఓటే ఉండదు.

నేను ఉబుంటు వాడుతున్నాను. డెబియన్‌లో నాకు ఓటుందా?

లేదు. డెబియన్‌నే వాడుతున్నా ఉండదు. వాడేవాళ్లు కోట్లలో ఉన్నా ఓటర్లు సుమారు వెయ్యి మందే. వాళ్లను డెబియన్ డెవలపర్లు అంటారు. ఆ హోదా రావాలంటే కొంతకాలం పనిచేసి ఉండాలి, ఇప్పటికే సభ్యుడైన ఒకరు మీ తరఫున మాట చెప్పాలి, మీ జీపీజీ తాళంచెవి (డిజిటల్ సంతకం చేయడానికి వాడేది) మీదేనని పాత సభ్యులు సంతకం చేసి ఉండాలి. ఆపైన ప్రాజెక్టు సిద్ధాంతం, పద్ధతుల గురించి ప్రశ్నలకు జవాబులు రాయాలి. ప్యాకేజీలు అప్‌లోడ్ చేసే అనుమతి మాత్రమే ఉన్న డెబియన్ మెయింటెయినర్ హోదాకు కూడా ఓటు రాదు.

ఇంత కట్టుదిట్టం ఎందుకని చాలామంది విసుక్కుంటారు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జీ (XZ) వ్యవహారం ఒకసారి గుర్తుచేసుకోండి. ఫైళ్లను కుదించే ఆ చిన్న లైబ్రరీని ఒక్కడే చూసుకునేవాడు. పనులు ఆలస్యమవుతున్నాయంటూ ముక్కూమొహం తెలియని ఖాతాలు కొన్ని అతని మీద ఒత్తిడి తెచ్చాయి. చివరికి మరో కొత్త మనిషికి బాధ్యతలో వాటా దక్కింది. ఆ చేతి మీదుగానే దొంగదారి కోడ్ లోపలికి వచ్చింది, డెబియన్‌లో ఇంకా విడుదల కాని టెస్టింగ్ వెర్షన్ దాకా చేరింది. ఒత్తిడి పెట్టిన ఖాతాలు నకిలీవేనని ఇప్పుడు అందరి అనుమానం. ఖాతా తెరిచిన ప్రతివాడికీ ఓటు ఇచ్చే చోట ఈ పని ఇంకెంత సులువో ఊహించుకోవచ్చు.

నాకు ప్రోగ్రామింగ్ రాదు, తెలుగు అనువాదాలు చేస్తాను. సభ్యత్వం ఇస్తారా?

ఇస్తారు. 2010లో దీని మీదే ఒక తీర్మానం చేశారు. అనువాదం, డాక్యుమెంటేషన్, డిజైన్, కార్యక్రమాల నిర్వహణ లాంటి పనులు చేసేవాళ్లను కూడా డెవలపర్లుగా తీసుకోవాలని ఓటు వేసి నిర్ణయించారు. వాళ్లకు ప్యాకేజీలు అప్‌లోడ్ చేసే హక్కు ఉండదు, ఓటు మాత్రం అందరితో సమానం. డెబియన్ ఇన్‌స్టాలర్ తెలుగులో కనిపిస్తోందంటే ఎవరో కూర్చుని ఆ వాక్యాలన్నీ రాసినందుకే. అలాంటి పని నిలకడగా చేసేవాళ్లకు దారి తెరిచే ఉంది. 2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక సమావేశం కొచ్చిలో జరిగింది. తాళంచెవుల మీద సంతకాలకు పాత సభ్యులు ఎదురుగా దొరకడమే కష్టం కనుక, అలాంటివి మనకు దగ్గర్లో జరిగినప్పుడు వెళ్లడం మంచిది.

తీర్మానం పెట్టాలంటే ఎంతమంది కావాలి?

పెట్టే మనిషి కాక బలపరిచేవాళ్లు ఐదుగురు చాలు. మామూలుగా రెండు వారాలో ఇంకాస్త ఎక్కువో చర్చ, ఆ తర్వాత రెండు వారాలు ఓటింగ్. చర్చ నడుస్తుండగా వేరేవాళ్లు అదే విషయం మీద తమ ప్రత్యామ్నాయాలు చేర్చవచ్చు. అందుకే బ్యాలెట్‌లో చాలాసార్లు అవును, కాదు అనే రెండే గడులు ఉండవు. ఒక్కోసారి ఏడెనిమిది పాఠాలు పక్కపక్కన ఉంటాయి. చదవడానికి ఓపిక కావాలి.

కోరం లెక్క తమాషాగా ఉంటుంది. మొత్తం సభ్యుల సంఖ్యకు వర్గమూలం తీసి, అందులో సగానికి మూడు రెట్లు. వెయ్యి మంది ఉంటే దాదాపు 47. సభ్యత్వం పెరిగినంత వేగంగా కోరం పెరగకూడదని అలా పెట్టారు. రాజ్యాంగాన్నీ, సామాజిక ఒప్పందం (వాడుకరులకు ప్రాజెక్టు ఇచ్చిన మాట) లాంటి మూలపత్రాలనూ మార్చాలంటే మూడుకు ఒకటి లెక్కన, అంటే వ్యతిరేకుల కన్నా మూడు రెట్ల మద్దతు ఉండాలి. టెక్నికల్ కమిటీ మాట కొట్టేయాలంటే రెండు రెట్లు.

ఓటు వేసేది ఎలా?

మెయిల్‌లో. బ్యాలెట్ మామూలు టెక్స్ట్‌గా వస్తుంది. నచ్చినదానికి 1, ఆ తర్వాతిదానికి 2 అని గడుల్లో అంకెలు వేసి, మీ జీపీజీ తాళంచెవితో సంతకం చేసి పంపాలి. డెవోటీ అనే ప్రోగ్రాం సంతకం సరిచూసి, అందిందని జవాబిస్తుంది. మనసు మారితే గడువులోపు మళ్లీ పంపవచ్చు, చివరిదే లెక్కలోకి వస్తుంది. చూడ్డానికి పాతకాలపు పద్ధతిలా ఉంటుంది కానీ, వెబ్‌సైట్‌లో బటన్ నొక్కించే పద్ధతి కన్నా దీన్ని మోసం చేయడం కష్టం.

ర్యాంకులు ఎందుకు? ఎక్కువ ఓట్లు వచ్చినదే గెలిచినట్టు కాదా?

మన అసెంబ్లీ ఎన్నికల పద్ధతి అది. దాంతో వచ్చే చిక్కు చిన్న లెక్కలో చూద్దాం. వంద మంది ఓటర్లు. క, ఖ, గ అని మూడు ప్రతిపాదనలు. 40 మంది క, గ, ఖ వరసలో పెట్టారు. 35 మంది ఖ, గ, క అన్నారు. 25 మంది గ, ఖ, క అన్నారు. మన పద్ధతిలో 40 ఓట్లతో క గెలుస్తుంది. కానీ మిగతా 60 మందికీ అది ఆఖరి ఎంపిక.

డెబియన్‌లో ప్రతి జతనూ విడిగా ఎదురెదురుగా నిలబెడతారు. క, గ తలపడితే గ వైపు 60 మంది. ఖ, గ తలపడితే గ వైపు 65 మంది. అందరినీ ఓడించింది కాబట్టి గ గెలిచింది, మొదటి స్థానం ఓట్లు అన్నిటికన్నా తక్కువ వచ్చినా సరే. ఎవరూ మరీ ముచ్చటపడకపోయినా, చాలామంది సర్దుకుపోగలిగేది బయటికొస్తుంది. కలిసి పనిచేయక తప్పని మనుషుల మధ్య కావలసింది అదే. దీన్ని కాండోర్సే పద్ధతి అంటారు. ఒక్కోసారి క మీద ఖ, ఖ మీద గ, గ మీద క గెలిచి వలయంలా చుట్టుకుంటుంది. అప్పుడు అన్నిటికన్నా బలహీనమైన గెలుపును తీసేసి ముడి విప్పే నియమం కూడా రాజ్యాంగంలో ఉంది. 2003 నుంచి ఇదే నడుస్తోంది.

నోటా ఉందా?

ఉంది, దానికి పళ్లు కూడా ఉన్నాయి. మన దగ్గర 2013లో వచ్చిన నోటాకు లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో అందరికన్నా ఎక్కువ ఓట్లు పడినా, దాని తర్వాతి అభ్యర్థి ఎమ్మెల్యేనో ఎంపీనో అయిపోతాడు. డెబియన్‌లో అలా కుదరదు. నోటాను ఓడించలేని ప్రతిపాదన లెక్కలోంచే పోతుంది. కోరం, మూడు రెట్ల మెజారిటీ లాంటివన్నీ కొలిచేది కూడా నోటాతో పోల్చే. నాయకుడి ఎన్నికలో నోటా గెలిస్తే ఎన్నిక మళ్లీ మొదటికి వస్తుంది.

ఎవరు ఎటు వేశారో బయటికి తెలుస్తుందా?

నాయకుడి ఎన్నిక ఎప్పుడూ రహస్యమే. తీర్మానాల్లో మాత్రం చాలాకాలం పేర్లతో సహా ప్రకటించేవాళ్లు. 2021లో, అంతకుముందు వివాదం మధ్య తప్పుకున్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమ ఆద్యుడు రిచర్డ్ స్టాల్‌మన్ మళ్లీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ బోర్డులోకి రావడం మీద డెబియన్ ప్రకటన చేయాలా వద్దా అని ఓటు జరిగింది. ఏ ప్రకటనా చేయకూడదన్న ప్రతిపాదన గెలిచింది. అంత వేడి మీద ఉన్న విషయంలో పేరు బయటపడితే వేధింపులు తప్పవన్న భయం చాలామందిలో కనిపించింది. 2022లో మరో ఓటు పెట్టి, తీర్మానాల్లో కూడా పేర్లు దాచాలని నిర్ణయించారు. మీ ఓటు లెక్కలో చేరిందో లేదో మీరు సరిచూసుకోవడానికి ఒక రహస్య సంకేతం ఇస్తారు. ఈ మార్పు మంచిదే అయినా, కొంత పోయింది కూడా. ఎవరి వాదన ఎటు మొగ్గిందో పాత పట్టికల్లో చదువుకోవడంలో ఒక చదువు ఉండేది.

నాయకుడు అంటున్నారు కదా, ఆయన మాట అందరూ వినాలా?

అక్కర్లేదు. పదవీకాలం ఏడాది. డబ్బు ఖర్చుకు అనుమతి ఇవ్వడం, బాధ్యతలకు ప్రతినిధులను నియమించడం, బయట ప్రాజెక్టు తరఫున మాట్లాడడం ఆయన పనులు. ఒక మెయింటెయినర్‌ను పిలిచి ఈ ప్యాచ్ వెయ్యి అని ఆజ్ఞాపించలేడు. పెత్తనం లేదు, మెయిళ్ల మోత మాత్రం ఉంది. 2019లో నామినేషన్ల గడువు ముగిసేసరికి ఒక్క అభ్యర్థీ లేడు. గడువు పొడిగించాక కొందరు ముందుకొచ్చారు, శామ్ హార్ట్‌మన్ ఎన్నికయ్యారు.

సిస్టమ్‌డీ గొడవ గురించి విన్నాను. అసలేం జరిగింది?

ఓపెన్ సోర్స్‌లో ఓటు ఏం చేయగలదో, ఏం చేయలేదో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కాస్త వివరంగానే చెబుతాం.

కంప్యూటర్ ఆన్ చేశాక కెర్నెల్ మొట్టమొదట నడిపే ప్రోగ్రాంను ఇనిట్ అంటారు. మిగతావన్నీ దాని తర్వాతే లేస్తాయి. డెబియన్‌లో అప్పటిదాకా పాత సిస్‌వీ ఇనిట్ ఉండేది. దాని స్థానంలో సిస్టమ్‌డీ పెట్టాలా, ఉబుంటు వాళ్ల అప్‌స్టార్ట్ పెట్టాలా, పాతదే ఉంచాలా అని 2013 చివర్లో విషయం టెక్నికల్ కమిటీకి వెళ్లింది. నెలల తరబడి వాదన సాగింది. 2014 ఫిబ్రవరిలో ఓటు వేస్తే ఎనిమిది మందిలో నలుగురు అటు, నలుగురు ఇటు. చైర్మన్ బిడేల్ గార్బీ తన నిర్ణాయక ఓటు వాడడంతో సిస్టమ్‌డీ గెలిచింది. కొద్ది రోజుల్లోనే ఉబుంటు కూడా అప్‌స్టార్ట్ వదిలేసి అటే వస్తామని ప్రకటించింది.

అంతటితో ఆగలేదు. ఏ ప్యాకేజీ కూడా ఫలానా ఇనిట్ ఉంటేనే నడుస్తానని పట్టుబట్టకూడదంటూ అదే ఏడాది సభ్యులందరి ముందుకు తీర్మానం తెచ్చారు. నవంబరులో ఫలితం వచ్చింది. సిస్టమ్‌డీ వైపూ కాదు, ఎదురూ కాదు. అసలు దీనికి సాధారణ తీర్మానమే అవసరం లేదన్న ప్రతిపాదన గెలిచింది. మామూలు పద్ధతులు బాగానే పనిచేస్తున్నాయి, ఓటుతో మా చేతులు కట్టేయకండి అని ఓటర్లే ఓటు వేసి చెప్పారన్నమాట. నా లెక్కలో డెబియన్ చరిత్రలో అంత తెలివైన ఫలితం ఇంకొకటి లేదు. అయితే అది ఊరికే రాలేదు. ఆ నెలలోనే టెక్నికల్ కమిటీ నుంచి ముగ్గురు తప్పుకున్నారు. కొద్ది రోజులకే డెవువాన్ పేరుతో సిస్టమ్‌డీ లేని చీలిక మొదలైంది. దాని మొదటి స్థిర వెర్షన్ 2017లో వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది.

2019లో మళ్లీ ఓటు పెట్టాల్సి వచ్చింది. సిస్టమ్‌డీ మీదే దృష్టి, కానీ ప్రత్యామ్నాయాలు ప్రయత్నించేవాళ్లకు సహకరిస్తాం అన్న మధ్యేమార్గం గెలిచింది. ఐదేళ్ల ముందు ఈ మాట ఎవరన్నా అంటే రెండు వైపుల వాళ్లూ మీదపడేవాళ్లు.

ఓటులో గెలిచాక ఆ పని చేయడానికి ఎవరూ రాకపోతే?

ఆ పని జరగదు. డెబియన్ రాజ్యాంగంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఓటింగ్ గురించినది కాదు. ప్రాజెక్టు కోసం పని చేయాలన్న నిర్బంధం ఈ రాజ్యాంగం ఎవరి మీదా పెట్టదు అన్నది. అప్పగించిన పని ఇష్టం లేకపోతే మానుకోవచ్చు. సరైన పద్ధతిలో తీసుకున్న నిర్ణయానికి అడ్డుపడకూడదు, అంతే. పాత ఇనిట్‌ను నిలబెట్టాలని వెయ్యి మందీ ఓటు వేసినా, ఆ స్క్రిప్టులు రాసి, పరీక్షించి, బగ్గులు సరిచేసే నలుగురు లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది. ఎవరి పనికి ఎవరు అడ్డురాకూడదో, ప్రాజెక్టు పేరు మీద ఏం బయటికి వెళ్లవచ్చో ఓటు చెబుతుంది. ఎవరి చేతా పని చేయించలేదు.

ఓటు వేసి తప్పు చేసిన సందర్భాలు లేవా?

2004 ఉంది. సామాజిక ఒప్పందంలో భాష సరిచేస్తున్నామంటూ ఒక తీర్మానం వచ్చింది. శీర్షిక చూసి చాలామంది కామాలు, చుక్కల వ్యవహారం అనుకున్నారు. నిజానికి సాఫ్ట్‌వేర్ అన్న చోట మాట మార్చడంతో డాక్యుమెంటేషన్, ఫర్మ్‌వేర్ (వైఫై లాంటి పరికరాల లోపల నడిచే కోడ్) కూడా పూర్తి స్వేచ్ఛా లైసెన్సులో ఉండి తీరాలన్న అర్థం స్థిరపడింది. అది నెగ్గాక, ఈ లెక్కన రాబోయే సార్జ్ వెర్షన్ విడుదల చేయలేనని రిలీజ్ మేనేజర్ తేల్చిచెప్పారు. అప్పుడు హడావిడిగా ఇంకో ఓటు పెట్టి, సార్జ్ బయటికి వెళ్లేదాకా ఆ మార్పును వాయిదా వేశారు. సార్జ్ 2005 జూన్‌లో వచ్చింది. అప్పటి నుంచీ శీర్షిక మెత్తగా ఉన్న తీర్మానాన్ని జనం రెండుసార్లు చదువుతారు.

ఓటు వల్ల మామూలు వాడుకరికి ఎప్పుడైనా మేలు జరిగిందా?

2022 అక్టోబరు ఓటు. అంతకుముందు డెబియన్ ఇన్‌స్టాల్ చేస్తుంటే చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై పట్టేది కాదు. దానికి కావలసిన ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా లైసెన్సులో లేదు కాబట్టి అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఉండేది కాదు. ఉన్న అనధికారిక ఇమేజ్ ఎక్కడుందో కొత్తవాళ్లకు దొరికేది కాదు. సామాజిక ఒప్పందాన్నే మార్చి, ఫర్మ్‌వేర్‌తో కూడిన ఒకే అధికారిక ఇన్‌స్టాలర్ ఇవ్వాలన్న ప్రతిపాదన మూడు రెట్ల మెజారిటీ దాటి గెలిచింది. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమల్లో ఉంది. సిద్ధాంతం సడలించారని బాధపడినవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు.

అపాచీలో +1, -1 అంటారు. అదేంటి?

చాలా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు గొడుగులాంటి సంస్థ అపాచీ ఫౌండేషన్. దాని ప్రాజెక్టుల్లో మెయిల్‌కు +1 అంటే ఒప్పుకున్నట్టు, -1 అంటే వద్దన్నట్టు, మధ్యలో సున్నా కూడా ఉంది. ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, చాలా పనులు అలాగే సాగిపోతాయి. కోడ్ మార్పు విషయంలో ఒక్క -1 చాలు, వీటో అయిపోతుంది. కానీ సాంకేతిక కారణం చెప్పాలి, నచ్చలేదు అంటే చెల్లదు. రిలీజ్‌ను మాత్రం ఎవరూ వీటో చేయలేరు. నిర్వహణ కమిటీ సభ్యులవి కనీసం మూడు +1లు ఉండి, వ్యతిరేకుల కన్నా అనుకూలురు ఎక్కువైతే విడుదల అవుతుంది. ఓటుకు సాధారణంగా కనీసం 72 గంటలు ఇస్తారు. హైదరాబాద్‌లో పొద్దు పొడిచేటప్పటికి కాలిఫోర్నియాలో సాయంత్రం అవుతుంటుంది, పైగా చాలామంది సొంత తీరికలో పనిచేసేవాళ్లు.

పైథాన్‌లో ఒకే మనిషి నిర్ణయించేవాడు కదా, ఎందుకు మారింది?

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను సృష్టించిన గీడో వాన్ రోసమ్ ఏళ్ల తరబడి ఆఖరి మాట తనదిగా నడిపారు. 2018లో వాల్రస్ ఆపరేటర్ అనే కొత్త గుర్తును భాషలోకి తెచ్చిన పెప్ 572 అనే ప్రతిపాదన మీద చర్చ చేదుగా మారింది. దాన్ని ఆమోదించాక, జూలై 12న తాను తప్పుకుంటున్నానని ప్రకటించారు. వారసుణ్ణి చెప్పలేదు, మీరే తేల్చుకోండి అన్నారు. కోర్ డెవలపర్లు ఏడు రకాల పాలనా పద్ధతులు రాసి, ఆ డిసెంబరులో ర్యాంకుల ఓటుతో ఒకటి ఎంచుకున్నారు. ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ అలా వచ్చింది.

కంపెనీలు తమ ఉద్యోగులతో ఓట్లు వేయించుకోలేవా?

ప్రయత్నించవచ్చు. డెబియన్‌లో ఓటు మనిషిదే, కంపెనీకి లేదు. కానీ మనిషికి జీతం ఇచ్చేది కంపెనీ. పైథాన్ కౌన్సిల్‌లో ఒకే సంస్థ నుంచి ఇద్దరికి మించి ఉండకూడదన్న నియమం పెట్టింది ఇందుకే. అసలు పలుకుబడి మాత్రం బ్యాలెట్‌లో ఉండదు. రోజంతా జీతం మీద కోడ్ రాసేవాడికీ, ఆఫీసు అయ్యాక రాత్రి ఒక గంట కూర్చునేవాడికీ ఓటు ఒకటే అయినా, ఎవరి పని ముందు లోపలికి వెళ్తుందో చెప్పక్కర్లేదు. దీనికి ఏ ఓటింగ్ పద్ధతీ మందు కాదు.

నాకు కావలసిన ఫీచర్‌కు వందల లైకులు పడ్డాయి. అయినా పట్టించుకోరేం?

లైకు ఓటు కాదు, కోరిక. ఎంతమందికి ఇబ్బందిగా ఉందో చెప్పడానికి పనికొస్తుంది, అంతవరకే. ఆ ఫీచర్‌ను రేపటి నుంచి ఐదేళ్లు మోయాల్సింది లైకు కొట్టినవాళ్లు కాదు. మీరే ప్యాచ్ పంపితే, లేదా ఇంకొకరు పంపినదాన్ని పరీక్షించి ఫలితం రాస్తే, ఆ వంద లైకుల కన్నా ఎక్కువ కదలిక వస్తుంది.

మా కాలేజీలో పది మందిమి చిన్న ప్రాజెక్టు నడుపుతున్నాం. మాకూ రాజ్యాంగం కావాలా?

వద్దు. పది మందికి కాండోర్సే పెడితే కోడ్ కన్నా నియమాలే ఎక్కువవుతాయి. రిపాజిటరీలో మార్పులు కలిపే హక్కు ఎవరికుంది, ఇద్దరు ఒప్పుకోకపోతే ఆఖరి మాట ఎవరిది, ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతే పాస్‌వర్డులు, డొమైన్ ఎవరి చేతికి వెళ్తాయి అన్న మూడూ ఒక పేజీలో రాసి పెట్టుకోండి. కాలేజీ ప్రాజెక్టులు గొడవలతో ఆగిపోయేది తక్కువ. సీనియర్లు ఉద్యోగాల్లో చేరాక తాళాలు ఎవరి దగ్గరున్నాయో తెలియక ఆగిపోయేవే ఎక్కువ.

పాత ఓట్ల వివరాలు ఎక్కడ చదవవచ్చు?

డెబియన్ వెబ్‌సైట్‌లో ఓటింగ్ విభాగం ఉంది. ప్రతి ఓటుకూ ప్రతిపాదనల పూర్తి పాఠం, పెట్టినవాళ్లు, బలపరిచినవాళ్లు, ఎదురెదురు లెక్కల పట్టిక, అన్నీ ఉంటాయి. కొత్తవాళ్లు 2022 ఫర్మ్‌వేర్ ఓటుతో మొదలుపెడితే సులువు. విషయం తేలిగ్గా అర్థమవుతుంది, ప్రతిపాదనల మధ్య తేడాలు కూడా స్పష్టంగా ఉంటాయి. 2014 నాటి మెయిళ్ల జోలికి మాత్రం సెలవు రోజు చూసుకుని వెళ్లండి.